గీత గీసింది పటం.. కలిపింది కొండ

నందిదుర్గం చుట్టూ రెండు వందల ఏళ్ల కొలతల కథ
మన సరిహద్దు ఎలా పుట్టింది? మన ఏళ్లు ఎక్కడ పుట్టాయి? రెంటికీ జవాబు ఒకే కాగితంలో!

చిక్కబళ్లాపురం: ఆదివారం తెల్లవారుజామున నంది కొండ దారి చూడాలి. బెంగళూరు నుంచి వచ్చిన బైకులు, కార్లు బారులు తీరి ఉంటాయి. అందరి ఆరాటం ఒకటే.. మబ్బుల మధ్య సూర్యుడు లేచేది చూడాలి, ఫోటో తీసుకోవాలి, వేడివేడి టీ తాగి ఇంటి దారి పట్టాలి. వచ్చినవాళ్లంతా తూర్పుకే చూస్తారు. వెనక్కి తిరిగి ఉత్తరం వైపు చూసేవాళ్లు తక్కువ.

ఒక్కసారి అటు తిరిగి చూడండి. మంచు విడిపోయాక ముందు కళవార దుర్గం కనపడుతుంది. ఇప్పుడు కుర్రకారు స్కందగిరి అంటున్న కొండ అదే. పక్కన చెన్నకేశవ బెట్ట. వాటి అవతల చిక్కబళ్లాపురం, ఇంకా ముందుకు బాగేపల్లి గుట్టలు, ఆపైన ఆంధ్ర. ఎంత కళ్లు చికిలించుకుని చూసినా రాష్ట్ర సరిహద్దు మాత్రం కనపడదు. కనపడాలంటే కొండ దిగి కొడికొండ చెక్‌పోస్టు దాకా పోవాలి. కొండమీంచి చూసేవాడికి ఆ గీత లేదు. అది కాగితం మీద ఉంది.

ఆ కాగితం ఎప్పుడు పుట్టింది? కొలిచిందెవరు? ఇన్నేళ్ల తరవాత అది మనకు ఎందుకు పనికొస్తుంది? గీతకు అటు ఉన్నవాళ్లకూ ఇటు ఉన్నవాళ్లకూ తెలియాల్సిన కథ ఇది.

1799.. గీత పుట్టిన ఏడాది

ఈ కొండలను మొదట కొలిచింది ప్రకృతి అందం చూసి కాదు, యుద్ధం కోసం. నందిదుర్గం అంటే అప్పట్లో ఎక్కలేని కోట. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేన మూడు వారాలు ముట్టడించి ఈ కోటను పట్టుకుంది. అంతకుముందే చింతామణి వైపున్న రహమాన్‌గఢ్, అంబాజీదుర్గం ఇంగ్లీషువాళ్ల చేతిలో పడ్డాయి. సేనతో వచ్చిన చిత్రకారులు ఈ దుర్గాల బొమ్మలు గీశారు, ఇంజినీర్లు కోటల పటాలు రాసుకున్నారు. ఏ వైపు బండ నిలువుగా ఉంది, ఏ వైపు ఫిరంగి ఎక్కించవచ్చు అన్నదే వాళ్ల లెక్క.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు చనిపోయాడు. జూన్ 22న రాజ్యాన్ని పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నారు. గుత్తి, గుర్రంకొండ సీమలు నిజాం వాటాకు పోయాయి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ఉన్న నేల మైసూరు ఒడెయర్ల రాజ్యంలో మిగిలింది. ఏడాది తిరక్కుండానే, 1800లో, నిజాం తన వాటాను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. అదే దత్త మండలం, ఈనాటి రాయలసీమ.

ఇటు మైసూరు, అటు మద్రాసు. నిన్నటిదాకా ఒకే దొర కింద ఉన్న ఊళ్లు రెండు కచేరీల కింద చేరాయి. ఆడపిల్లను ఇచ్చింది అటు, కోడల్ని తెచ్చుకుంది ఇటు. ఏరు ఇటు పుట్టి అటు పారుతుంది. ఒప్పందం రాసినవాళ్లకు ఈ సంగతులు పట్టలేదు. వాళ్లకు కావలసింది ఒక్కటే.. ఏ ఊరు ఎవరిదో తేలాలి, శిస్తు ఎవరికి రావాలో తెలియాలి. ఊళ్ల పేర్ల జాబితా ఉంది కానీ, ఆ ఊళ్లు ఎక్కడున్నాయో చూపే నమ్మకమైన పటం లేదు. అందుకే ఒప్పందం తడి ఆరకముందే సర్వే మొదలైంది.

మెకంజీ వెంట మన ఏలూరు బొర్రయ్య

ఆ పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో 1754లో పుట్టిన మనిషి. మైసూరు రాజ్యం మొత్తాన్ని, సుమారు 40 వేల చదరపు మైళ్లను, పదేళ్ల లోపే కొలిపించాడు. మొదట చూసిన పని సరిహద్దులదే. తరవాత ఊరూరూ, చెరువూ చెరువూ. తరవాతి కాలంలో, 1815లో, హిందూదేశం మొత్తానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

మెకంజీకి తెలుగు రాదు, కన్నడం రాదు. మరి ఊళ్లలో ఎవరితో మాట్లాడాడు? మాట్లాడింది ఆయన కాదు. కావలి వెంకట బొర్రయ్య! ఏలూరు కుర్రాడు. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఏ ఊళ్లో దిగినా కరణాన్నీ, శ్యానుభోగునూ, పూజారినీ కూచోబెట్టి ఊరి కథ రాయించడం, శాసనాలు చదవడం అతని పని. 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. అలా పోగైన ఊరి చరిత్రలనే మనం కైఫియత్తులు అంటున్నాం. వాటిలో పెద్ద భాగం ఈనాటికీ మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. పటాలు, బొమ్మలు చాలావరకు లండన్ చేరాయి.

పటం అంటే దొర గీసిన గీత అనుకుంటాం. నిజానికి ఆ గీతకు ఊరి పేరు చెప్పినవాడు కరణం, ఆ పేరు రాసినవాడు బొర్రయ్య లాంటి దుబాసీ. కొండ మీదికి జెండా మోసినవాడు కూలి. పటం అడుగున వాళ్లెవరి పేర్లూ ఉండవు.

ఒక గీత, మూడు కోణాలు

అదే కాలంలో విలియం లాంబ్టన్ అనే ఇంకో సైనికాధికారి వేరే పని పెట్టుకున్నాడు. మెకంజీది ఊళ్ల లెక్క అయితే, లాంబ్టన్‌ది భూగోళం లెక్క. భూమి ఎంత గుండ్రంగా ఉంది, ఒక డిగ్రీ దూరం ఎన్ని మైళ్లు అన్నది తేల్చాలన్నది ఆయన పట్టు.

పద్ధతి వినడానికి తేలిక. చదునైన నేల మీద ఒక గీతను అతి జాగ్రత్తగా కొలవాలి. ఆ గీత రెండు కొసల నుంచీ దూరంగా ఉన్న ఒక కొండ శిఖరాన్ని చూసి కోణాలు తీసుకోవాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కలోనే వస్తాయి. బడిలో చదివిన త్రికోణమితే! ఇప్పుడు ఆ కొత్త భుజం మీద ఇంకో త్రికోణం. దాని మీద ఇంకోటి. ఇలా కొండ నుంచి కొండకు దూకుతూ పోవచ్చు. మధ్యలో అడవి ఉన్నా, లోయ ఉన్నా నేల మీద గొలుసు లాగే పని లేదు.

చేయడమే కష్టం. 1800 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బెంగళూరు దగ్గర లాంబ్టన్ మొదటి గీత కొలిచాడు. పొడవు ఏడున్నర మైళ్లకు కాస్త తక్కువ. కొలిచిన ఉక్కు గొలుసు 100 అడుగులది. ఇంగ్లీషు రాయబారులు చైనా చక్రవర్తికి కానుకగా పట్టుకెళ్తే ఆయన వద్దన్న సామాన్లలోది. ఎండకు ఉక్కు సాగుతుంది కదా! అందుకని గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, వేడిని బట్టి లెక్క సరిచేసేవారు.

1802లో మద్రాసు దగ్గర పరంగికొండ కింద మళ్లీ కొత్త గీత కొలిచి, అక్కడినుంచి త్రికోణాలు పేర్చుకుంటూ పడమటికి వచ్చాడు. 1804లో బెంగళూరు చేరాక అక్కడ ఇంకోసారి నేలమీద గీత కొలిచి, త్రికోణాల లెక్కతో పోల్చి చూశాడు. ఏడు మైళ్ల పైచిలుకు గీతలో తేడా నాలుగు అంగుళాలు కూడా లేదు! ఆ వరసే మంగళూరు దాకా పోయాక తెలిసిన సంగతి.. మద్రాసు నుంచి మంగళూరుకు 400 మైళ్లు ఉంటుందనుకుంటే తేలింది 360 మైళ్లే. అప్పటిదాకా పటాల్లో ఉన్న 40 మైళ్ల నేల నిజానికి లేనే లేదన్నమాట.

కోణాలు చూసిన యంత్రం థియోడొలైట్. బరువు సుమారు అర టన్ను. లండన్‌లో చేయించి తెస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు ఓడను పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. తరవాత మర్యాదగా తిరిగి పంపేశారు. ఆ యంత్రాన్ని కొండలెక్కించింది మనుషుల భుజాలే. ముందుగా కొందరు పోయి శిఖరం మీద జెండా పాతాలి. అడ్డొచ్చే చెట్లు కొట్టాలి. మబ్బు విడిపోయేదాకా రోజుల తరబడి కాచుకోవాలి. చలి జ్వరాలతో ఎందరు పోయారో లెక్క లేదు.

బెంగళూరు నుంచి ఆ త్రికోణాల వరస దక్షిణాన కన్యాకుమారికీ, ఉత్తరాన మన వైపుకూ పోయింది. 1811లో గుత్తి దగ్గర మళ్లీ నేలమీద గీత కొలిచి సరిచూసుకున్నారు. బెంగళూరుకూ గుత్తికీ నడుమ ఉన్నది మన కొండల సీమే. సుమారు 78 డిగ్రీల రేఖాంశం వెంట ఉత్తరానికి సాగిన ఆ కొలతకే గ్రేట్ ఆర్క్ అని పేరు. లాంబ్టన్ 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో పని మధ్యలోనే కన్నుమూశాడు. జార్జ్ ఎవరెస్ట్ దాన్ని హిమాలయాల పాదాల దాకా, సుమారు 2,400 కిలోమీటర్లు, తీసుకుపోయాడు. ఆ కొలతల ఆధారంగానే లోకంలో ఎత్తయిన శిఖరం ఎత్తును రాధానాథ్ సిక్దార్ లెక్కగట్టాడు. పేరు మాత్రం 1865లో ఎవరెస్టుకు దక్కింది.

సరిహద్దు కొలవబోతే బంగారం

కోలారు సీమ వాళ్లకు ఇంకో కథ తెలియాలి. మెకంజీ కింద పనిచేసిన లెఫ్టినెంట్ జాన్ వారెన్‌ను 1802లో మైసూరు తూర్పు సరిహద్దు కొలవమని పంపారు. ఎర్రకొండ ప్రాంతంలో ఉండగా, అక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందన్న మాట అతని చెవిన పడింది. చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానన్నాడు. ఊరిగాం జనం బండ్లకెత్తి మట్టి తెచ్చి, అతని కళ్లముందే కడిగి బంగారు రజను తీసి చూపించారు. వారెన్ రాసిన ఆ నివేదికే తరవాత కాలంలో గనివాళ్లను ఇటు రప్పించింది. ఆ గనులు 2001 ఫిబ్రవరిలో మూతబడ్డాయి.

గీత గీయడానికి వచ్చినవాడు సంపద కనిపెట్టాడు. కొలిచిన ప్రతి కొండకూ ఆ తరవాత ఇద్దరు వస్తారు.. కాపాడేవాడు ఒకడు, తవ్వేవాడు ఒకడు. ఆ సంగతి తరవాత చెప్పుకుందాం.

మీ ఊరి షీటు ఏది?

ఆనాటి కొలతల మీద నిలిచిందే ఈనాటి సర్వే ఆఫ్ ఇండియా పటం. టోపో షీటు అంటారు. మొదట్లో ఒక మైలుకు ఒక అంగుళం లెక్కన ఉండేవి. మెట్రిక్ పద్ధతి వచ్చాక అరకిలోమీటరుకు ఒక సెంటీమీటరు. అంటే 50 వేలకు ఒకటో వంతు.

షీటు నంబరు చూసి భయపడే పని లేదు. దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్లుగా కోసి అంకెలు పెట్టారు. మన గడి 57. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున 16 ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాలిచ్చారు. ఆ ముక్కను మళ్లీ 16 చేసి అంకెలిచ్చారు. ఆ లెక్కన నంది కొండ, చిక్కబళ్లాపురం ఉన్న షీటు 57 జి/11. బాగేపల్లి 57 జి/13. చింతామణి 57 కె/3. చింతామణికి అక్షరం ఎందుకు మారింది? పట్నానికి కాస్త పడమరగా, కైవారం పరిసరాల్లో, 78 డిగ్రీల రేఖ పోతుంది కనుక. కైవారం తాతయ్య మఠానికి పోయే భక్తులు తెలియకుండానే ఆ రేఖ దాటుతుంటారు! కొత్త పద్ధతి షీట్లలోనూ ఇదే తేడా. బాగేపల్లి, చిక్కబళ్లాపురం షీట్ల పేర్లు డి43తో, చింతామణిది డి44తో మొదలవుతాయి. జీపీఎస్ పట్టుకుని పొలాలు, కుంటలు గుర్తించే యువకులు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. లేకుంటే ఊరు ఒకచోట, చుక్క ఇంకోచోట పడుతుంది.

షీటు చదవడం పంచాంగం చదివినంత కష్టం కాదు. నీలం అంటే నీరు. పచ్చ అంటే చెట్టూ అడవీ. పసుపు సాగు నేల. గోధుమ రంగు గీతలు ఎత్తు చెబుతాయి. ఒక్కో గీతకు 20 మీటర్ల తేడా. గీతలు దూరంగా ఉంటే నిదానంగా ఎక్కవచ్చు. ఒకదానిమీద ఒకటి పడినట్టు దగ్గరగా ఉంటే నిలువు బండ. నందిదుర్గం చుట్టూ గీతలు ఎంత ఒత్తుగా ఉంటాయో చూస్తే, కోటకు మూడు వారాలు ఎందుకు పట్టిందో వేరే చెప్పనక్కరలేదు. శిఖరం దగ్గర చిన్న త్రికోణం, పక్కన అంకె ఉంటే అక్కడ సర్వేవాళ్లు యంత్రం పెట్టి కొలిచారన్నమాట. నందిదుర్గం ఎత్తు 4,851 అడుగులని పాత గెజిటీర్లు రాశాయి. ఇప్పుడు చెప్పే 1,478 మీటర్లు అదే. చెన్నకేశవ బెట్ట, కళవార దుర్గం దానికన్నా కాస్త తక్కువ.

'కాయితంలో ఉండాది సామీ'

ఒక షీటు పట్టుకుని బాగేపల్లి దగ్గర ఒక గుట్ట ఎక్కినప్పటి మాట. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి పరిచి చూస్తుంటే, గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన దగ్గరికొచ్చాడు.

'ఏంది సామీ అది? జాతకమా?'

'మీ ఊరి జాతకమే తాతా. కొండలు, కుంటలు అన్నీ ఉన్నాయి దీంట్లో.'

'అట్లనా! ఈ గుట్ట కింద మా కుంట ఉండాదేమో చూడు.'

వేలు పెట్టి వెతికితే నీలం చుక్క దొరికింది. గుట్ట మీంచి దిగే సన్నటి వంక, దాని కొసన కుంట. తల ఎత్తి కిందికి చూస్తే అక్కడ నీలం లేదు. చదును చేసిన నేల, చుట్టూ కంచె.

పెద్దాయన నవ్వాడు. 'కాయితంలో ఉండాది సామీ, నేలమీద లేదు. మేము చిన్నప్పుడు ఎద్దుల్ని కడిగింది ఆడనే. వాన పడితే నీళ్లు ఇప్పటికీ ఆడికే వస్తాయి. వాటికి తెల్దు కదా, కుంట పోయిందని!'

పటం ఎందుకు కావాలో ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. మనిషి మరిచిపోతాడు. రికార్డు మారుతుంది. నీరు మాత్రం పాత దారినే వెతుక్కుంటుంది. ఆ పాత దారి ఏదో చెప్పగలిగింది పాత షీటు ఒక్కటే.

ఒక కొండ, ఎన్ని ఏళ్లో!

57 జి/11 షీటు మీద నీలం గీతల వెంట వేలు పెట్టి పోయి చూడండి. అప్పుడు తెలుస్తుంది ఈ కొండలు ఎవరివో. చెన్నకేశవ బెట్ట వైపు పుట్టిన ఉత్తర పినాకినే మన పెన్నా. గౌరిబిదనూరు మీదుగా ఆంధ్రలోకి పోయి, అనంతపురం, కడప సీమలు దాటి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం దాదాపు 600 కిలోమీటర్లు. చిత్రావతి ఈ కొండల్లోనే పుట్టి, బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పోయి, గండికోట దగ్గర పెన్నాలో పడుతుంది. పాపాగ్ని శిడ్లఘట్ట వైపు పుట్టి, వెలిగల్లు, గండి మీదుగా కమలాపురం దగ్గర పెన్నాను చేరుతుంది. దక్షిణ పినాకిని, అర్కావతి, పాలారు.. వీటికీ ఈ కొండల వరసే పుట్టినిల్లు. అవి తమిళనాడు వైపూ, కావేరి వైపూ పోతాయి.

ఏరు పుట్టినచోట మన వేలెడంతే. దిగువన దాని మీద లక్షల మంది బతుకు. అందుకే 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నప్పుడు, మద్రాసు అనుమతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడని 15 పెద్ద నదుల జాబితాలో పెన్నా, చిత్రావతి, పాపాగ్ని, పాలారు పేర్లు ఎక్కాయి. 2000 దశకం మొదట్లో బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల మధ్య రగడ జరిగిందీ ఈ చిత్రావతి గురించే. బాగేపల్లికి తాగునీరు కావాలి, పుట్టపర్తి వైపు చెరువులు నిండాలి. రెండూ న్యాయమైన అవసరాలే. ఎవరి వాటా ఎంతన్నది ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిందే. కానీ ఒక సంగతి ఇద్దరూ మరిచిపోతున్నారు. పంచుకోవాలంటే ముందు ఏట్లో నీరుండాలి. ఏట్లో నీరుండాలంటే కొండ మీద చెట్టు, బండల సందున మట్టి, దిగువన కుంట ఉండాలి.

కొండకు ఏ చట్టం రక్ష?

ఈ సీమలో చాలా కొండలు కాగితం మీద రక్షిత అడవులే. మైసూరు కాలంలో 1900 నాటి అటవీ నిబంధనలు, తరవాత 1963 కర్ణాటక అటవీ చట్టం కింద వాటి ఎల్లలు ప్రకటించారు. నంది కొండ పైభాగాన్ని చాలాకాలం తోటల శాఖ చూసుకుంది. పసుపు గొంతు పికిలి లాంటి, ప్రపంచంలో దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేని పక్షికి ఈ రాతి గుట్టలే ఇల్లు.

ఇంకోవైపు బెంగళూరు ఎదుగుతోంది. దానికి రాయి కావాలి, జల్లి కావాలి, సెలవునాడు తిరగడానికి చోటు కావాలి. చిక్కబళ్లాపురం జిల్లాలో క్వారీల మీద ఫిర్యాదులు ఏనాటినుంచో ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర క్వారీ పనికి తెచ్చిన జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో కుండపోత వానకు నంది కొండ దారిలో మట్టి, బండలు జారి రోడ్డు తెగింది. కొన్నాళ్లు సందర్శకులను ఆపేశారు. ఈ రెంటికీ సంబంధం ఉందని చెప్పడం లేదు. కొండ అంటే ఎప్పటికీ కదలని వస్తువు అనుకోవడం తప్పని మాత్రం రెండూ గుర్తు చేశాయి.

ఇక్కడే పాత షీటు అక్కరకొస్తుంది. ఒక గుట్ట మొత్తం జల్లిగా మారి లారీలెక్కి పోయాక, అక్కడ గుట్ట ఉండేదని ఎట్లా చెబుతాం? గోధుమ రంగు గీతలు చెబుతాయి. వంక పూడిపోయాక, అటు నీళ్లు పారేవని ఎవరు చెబుతారు? నీలం గీత చెబుతుంది. షీటు అడుగున ఏ ఏడాది కొలిచారో రాసి ఉంటుంది. పాత ముద్రణ ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే చాలు, మధ్యలో ఏం పోయిందో బడి పిల్లలు కూడా చెప్పేస్తారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. టోపో షీటు ఆస్తి పత్రం కాదు. ఈ భూమి నాది అని కోర్టుకు పట్టుకెళ్తే చెల్లదు. దానికి పహణి, గ్రామ నక్ష, సర్వే నంబరు కావాలి. అడవి ఎల్ల ఎక్కడన్నది తేల్చేది సర్కారు ప్రకటన. షీటు పని వేరు. ఇక్కడ కొండ ఉండేది, ఇక్కడ నీరు నిలిచేది అని చెప్పే సాక్షి అది. యజమాని ఎవరో చెప్పదు. ఏముందో చెబుతుంది.

పేర్లు మారినా..

పటం ఒక్కోసారి పేరును కాపాడుతుంది, ఒక్కోసారి మింగేస్తుంది. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండను ఒక కలెక్టరు బంగళా కట్టుకున్నందుకు హార్స్‌లీ హిల్స్ చేశారు. నందిదుర్గాన్ని దొరలు తమ నోటికి వచ్చినట్టు 'నండీద్రూగ్' అని రాసుకున్నారు. 2025 జూలై 2న నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఆమోదం తెలిపింది. పేరు మార్చడం సర్కారు ఇష్టం. అయితే మన సీమలో కొండ, గుట్ట, బెట్ట, దుర్గం, పల్లి, హళ్లి అన్నీ ఒకే షీటులో పక్కపక్కన ఉంటాయి. రెండు భాషలూ పోట్లాడుకోకుండా ఉన్న చోటు బహుశా అదేనేమో!

ఇప్పుడు అందరికీ అందుబాటులో

ఒకప్పుడు ఈ షీట్లు సామాన్యుడి చేతికి వచ్చేవి కావు. 2005లో వచ్చిన జాతీయ పటాల విధానం జనం కోసం వేరే వరస షీట్లు తెచ్చింది. 2017లో సర్వే ఆఫ్ ఇండియా వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా దించుకునే వీలు కల్పించింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలను ఇంకా సడలించింది.

కాబట్టి ప్రతి పంచాయతీ గోడ మీద ఆ ఊరి షీటు ఒకటి ఉండవచ్చు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం అయ్యవారు అమెరికా నదుల కన్నా ముందు మన చిత్రావతి ఎక్కడ పుట్టిందో పిల్లల చేత వేలు పెట్టించి చూపించవచ్చు. ఊళ్లో కుంట పూడిక తీయాలన్నప్పుడు, గుట్ట మీద క్వారీకి అర్జీ వచ్చిందన్నప్పుడు, గ్రామసభలో ఆ కాగితం పరిచి మాట్లాడవచ్చు. గీతకు అవతల పుట్టపర్తి వైపు రైతులూ తమ ఏరు పుట్టినచోట ఏం జరుగుతోందో అదే కాగితంలో చూసుకోవచ్చు. అడిగే హక్కు వాళ్లకూ ఉంది. నీరు తాగేవాళ్లు వాళ్లే కదా!

రెండు వందల ఏళ్ల కిందట కొలతవాళ్లు ఈ కొండలెక్కింది మనల్ని రెండు చేయడానికి. వాళ్ల కాగితంలోనే సరిహద్దు చుక్కల గీత ఉంది. ఆ చుక్కల్ని అడ్డంగా కోసుకుంటూ పోయే నీలం గీతలూ అందులోనే ఉన్నాయి. చుక్కల గీతను రాజులు, కంపెనీ కలిసి గీయించారు. నీలం గీతను వాన గీసింది. ఈసారి నంది కొండకు పోతే సూర్యుణ్ణి చూశాక ఒక్క నిమిషం ఉత్తరానికి తిరగండి. మీరు నిలబడ్డచోట పడిన చినుకు రేపు ఎవరి చెరువులో చేరుతుందో ఆలోచించండి.